జంషెడ్‌పూరు క్వార్టర్లలో గులాబి

గులాబి యను మాట మనది కాదు. పారసీకమున "గుల్" అనగా పువ్వు, "ఆబ్" అనగా నీరు. ఆ రెండును కలిసి మొదట పన్నీటికి పేరై, పిదప పన్నీటి నిచ్చు పువ్వునకే పేరై మనకు దక్కినది. జంషెడ్‌పూరను పేరును అట్టిదే. జంషెడ్ పురాతన పారసీక రాజు నామము. పొరుగు పేరు ధరించిన పువ్వు, పొరుగు పేరు ధరించిన నగరమున, పొరుగు సీమలనుండి వచ్చిన ఉద్యోగుల చేతిలో పెరిగిన కథ యిది. ఈ నగరమున నాలుగేండ్లు కాపురముండి, ఇంటిముందు నాలుగు గులాబి మొక్కలైనను నాటని తెలుగువారు అరుదుగా నుందురు. ఆ మొక్కలు ఎచటినుండి వచ్చినవి, ఎట్లు నిలుచుచున్నవి, నాటినవారు వెడలిపోయిన తరువాత వాటి గతి యేమి యని విచారించుట యీ వ్యాసమునకు విషయము.

తెలుగునాట గులాబి నిన్న మొన్న వచ్చినదని తలపరాదు. 1443లో హీరాతు నుండి రాయబారిగా విజయనగరమునకు వచ్చిన అబ్దుర్ రజాక్, ఆ నగర వీథులలో ఎల్లెడల గులాబులు అమ్ముచుండుట చూచి, యీ ప్రజలకు అన్నమెంత అవసరమో గులాబియు నంతే అవసరమని ఆశ్చర్యముతో వ్రాసెను. గులాబులకు ప్రసిద్ధికెక్కిన దేశమునుండి వచ్చినవాడే యిట్లు వ్రాయుట గమనింపదగినది. అయినను నాటి గులాబి వేరు, నేడు మన కుండీలలో నున్న గులాబి వేరు. నాటిది దండకును, పూజకును, పన్నీటికిని. నేటిది ముఖ్యముగా కంటికి.

ఈ మార్పు ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పవలెను. ఐరోపా దేశపు పాత గులాబులు దాదాపు అన్నియు ఏటికొక్కమారు పూచెడివి. చీనా దేశపు గులాబులకు మాటిమాటికి పూచు గుణము కలదు. 18వ శతాబ్ది చివరను, 19వ శతాబ్ది మొదటను అవి ఓడలెక్కి పడమటికి పోయినవి. దారిలో కలకత్తా మజిలీ యగుటచే ఫ్రెంచివారు వాటిని "బెంగాలు గులాబులు" అని పిలిచిరి. చీనాకు దక్కవలసిన కీర్తి బెంగాలునకు దక్కినది. ఈ రెండు వంశములు కలిసిన పిమ్మట 1867లో ఫ్రాన్సున గియ్యో యను తోటకారుడు "లా ఫ్రాన్స్" అను గులాబిని వెలువరించెను. హైబ్రిడ్ టీ యను తెగకు అదియే మొదటిదని లెక్క. పొడవైన కాడ, కొనదేఱిన మొగ్గ, ఒక కొమ్మకు ఒక పెద్ద పువ్వు గల నేటి గులాబులన్నియు ఆ తెగవే. అప్పటికే కలకత్తాలో, విలియం కేరీ 1820లో స్థాపించిన వ్యవసాయోద్యాన సంఘము పని చేయుచుండెను. తూర్పు భారతమున క్రొత్త మొక్క యేది వచ్చినను కలకత్తా గుమ్మము దాటియే లోపలికి వచ్చెడిది.

ఇక నగరమునకు వత్తము. 1902లో జంషెట్జీ టాటా విదేశమునుండి తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన యొక లేఖ ప్రసిద్ధము. కట్టబోవు పారిశ్రామిక నగరమున వీథులు వెడల్పుగా నుండవలెననియు, త్వరగా పెరుగు నీడచెట్లు నాటవలెననియు, పచ్చిక బయళ్లకును తోటలకును పుష్కలముగా చోటు విడువవలెననియు ఆయన అందులో హెచ్చరించెను. అప్పటికి ఉక్కు కర్మాగారమునకు స్థలమే నిర్ణయము కాలేదు. 1904లో ఆయన కాలధర్మము చెందెను. 1907లో కంపెనీ స్థాపితమైనది. సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమ సమీపమున సాక్చి యను పల్లె దగ్గఱ పని ఆరంభమై, 1912లో ఉక్కు వెలువడినది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చికి జంషెడ్‌పూరనియు, కాళీమాటి స్టేషనుకు టాటానగర్ అనియు నామకరణము చేసెను. చూడబోయిన, పొగగొట్టముకంటె ముందు తోట పుట్టినది, కాగితముపై నైనను. కాగితముపై పుట్టినవన్నియు నేలపైకి రావని దస్త్రములతో కాలము గడుపు మనకు వేఱుగ చెప్ప నక్కరలేదు. ఇచట వచ్చినది.

అమెరికా యింజనీర్ల మొదటి నమూనా మొదలు, 1920 ప్రాంతమున టెంపుల్ దొరయు, 1940 తరువాత కోనిగ్స్‌బర్గరును వేసిన పథకముల వఱకు, నగరమును పలుమారులు దిద్దిరి. వారి అభిప్రాయములలో భేదములు గలవు గాని, ఇంటికి కొంత ఖాళీ నేల యుండవలెననుటలో అంతగా భేదము లేదు. పెద్ద ఉద్యోగి బంగళాకు పెద్ద తోట, చిన్న ఉద్యోగి క్వార్టరుకు నాలుగు గజముల ముంగిలి. గులాబికి ఆ నాలుగు గజములే చాలును.

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మనవారు ఇచట స్థిరపడి, బిష్టుపూరున శ్రీరామమందిరము కట్టుకొనిరి. కదమాలో ఆంధ్ర అసోసియేషన్ నెలకొల్పుకొనిరి. 1950 నవంబరులో జాతీయ లోహశోధనశాలను నెహ్రూ పండితుడు ప్రారంభించిన నాటినుండి కేంద్ర ప్రభుత్వోద్యోగులును ఈ వూరికి ఎక్కువగా రాసాగిరి. తెలుగువారి క్వార్టరును గుర్తించుట కష్టము కాదు. పెరటిలో కరివేపాకు, మునగ, గోంగూర. ముంగిట తులసి, దాని పక్కన గులాబి. పెరటి విషయమున దంపతులకు తగవు లేదు. ముంగిటనే తగవు. పువ్వు చెట్టున నుండి చూపఱుల మెప్పు పొందవలెనని యజమాని. దేవునికిని జడకును కాని పువ్వు ఎందులకని ఇల్లాలు. విజయనగర కాలపు గులాబికిని, లా ఫ్రాన్సు సంతతికిని గల వైరము ఇట్లు ప్రతి యింటిముందును సాగుచునే యున్నది. ఈ తగవులో నా మొగ్గు ఇల్లాలి పక్షమున కలదు. పూచిన పువ్వును సకాలమున, అయిదాకుల రెమ్మకు పైన కోసినచో మొక్కకే మేలు. వాడువఱకు విడిచినచో బలము గింజకు పోవును.

తన స్వర్ణోత్సవ సందర్భమున కంపెనీ పౌరులకు కానుకగా నిచ్చిన జూబిలీ పార్కును 1958 మార్చి 1వ తేదీన నెహ్రూ ప్రారంభించెను. కోటుకు గులాబి గ్రుచ్చుకొను ప్రధానమంత్రి చేతిమీదుగా గులాబితోట గల ఉద్యానము తెఱువబడుట సముచితముగ నున్నది. ఈ ఉద్యాన రచనలో బెంగుళూరు లాల్‌బాగును తీర్చిన జర్మనుడు క్రుంబీగెల్ పేరును, బి.యస్. నిరోడీ పేరును వినవచ్చును; ఆదర్శము మైసూరు బృందావనము. క్రుంబీగెల్ 1956లోనే గతించెను; నాటినవాడు పువ్వు చూడకపోవుట తోటల చరిత్రలో తఱచుగా కనబడు విషయము. ఈ పార్కు వలన జరిగిన ముఖ్యమైన పని యొకటి కలదు. అంతకు ముందు మంచి గులాబిని చూడవలె నన్నచో బంగళా గోడపైనుండి తొంగిచూడవలసినదే. 1958 తరువాత ఖలాసీ మొదలు గుమాస్తా వఱకు ఎవడైనను ఆదివారము సాయంకాలము భార్యాబిడ్డలతో పోయి, పడకల నడుమ నడచి, ఏ రంగు ఎట్లుండునో చూచి రాగలిగెను. శీతకాలమున బిష్టుపూరు గోపాల్ మైదానమున జరుగు పుష్పప్రదర్శనము ఈ అభిరుచిని మఱింత పెంచినది.

అదే కాలమున మన దేశపు గులాబులును బయలుదేరినవి. గోధుమ వంగడములపై కృషి చేసి ప్రఖ్యాతుడైన డాక్టరు బి.పి. పాల్, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు 1950 నుండి 1965 వఱకు డైరెక్టరుగా నుండి, పగలు గోధుమయు తీరికవేళ గులాబియు సాకెను. రోజ్ షర్బత్, ఢిల్లీ ప్రిన్సెస్, హిమాంగిని మొదలగునవి ఆయన చేతి ఫలములు. 1966లో వెలువడిన ఆయన గ్రంథము మన వాతావరణమునకు తగిన గులాబి శాస్త్రమును మొదటిసారి సమగ్రముగ నిచ్చినది. ఇక మనకు మఱింత దగ్గఱివాడు ఎం.యస్. వీరరాఘవన్. ఆయన ఆంధ్రప్రదేశ్ విభాగపు ఐ.ఎ.యస్. అధికారి, 1980లో గడువుకు ముందే ఉద్యోగము చాలించి, కొడైకెనాలులో సతీసమేతుడై గులాబి సృష్టికి పూనుకొనెను. వారి యొక గులాబికి సరోజినీ నాయుడు హైదరాబాదు గృహము పేరిట గోల్డెన్ త్రెషోల్డ్ అని పేరు. ఆయన కృషికి ఆధారములైన అడవి గులాబులు రెండు: మణిపురపు కొండల రోజా జైగాంటియా, బెంగాలు బీహారుల నదీతీరములందు నీటి అంచున పెరుగు రోజా క్లినోఫిల్లా. ఐరోపా గులాబి మన యెండకును వానకును తాళలేక మందులతో బ్రతుకుచుండగా, మన నేల గులాబిని మఱచితిమని ఆయన వాదము. జూలై నెలలో జంషెడ్‌పూరున నల్లమచ్చ తెగులుతో ఆకురాల్చిన మొక్కను చూచినవారికి ఈ వాదముయొక్క బలము తెలియును.

ఇప్పుడు కత్తిరింపును గూర్చి. ఇంగ్లీషు పుస్తకములు మార్చిలో కత్తిరింపు మనును. అచటి మొక్క మంచులో నిద్రించి మార్చిలో మేల్కొనును. ఇచటి మొక్కకు నిద్ర లేదు. ఎండకాలమున సొమ్మసిల్లును, వానకాలమున అడ్డదిడ్డముగా పెరుగును, చలికాలమున పూచును. కావున వానలు వెనుకబట్టిన పిమ్మట, దసరా దాటిన వారము పది దినములకు, అనగా అక్టోబరు రెండవ సగమున కత్తిరింపు సరియైన అదను. కత్తిరించిన ఏడెనిమిది వారములకు పువ్వు. అక్టోబరు 20న కోసిన, డిసెంబరు రెండవ వారమునుండి ముంగిలి నిండును. ప్రదర్శనమునకు పెట్టదలచినవారు ఆ తేదీనుండి వెనుకకు లెక్కించుకొని కత్తెర పట్టుదురు.

కత్తిరింపు క్రూరమైన పని యని క్రొత్తవారు వెఱతురు. గులాబి కొమ్మ ముదిరిన కొలది పువ్వు చిన్నదగును. మొదట ఎండినవి, తెగులు తగిలినవి, ఒకదాని నొకటి ఒరసికొనునవి, లోపలికి పెరుగునవి మొదలంట తీయవలెను. పిదప బలమైన కొమ్మలను నాలుగైదింటిని నిలిపి, ఒక్కొక్కదానిని సగము వఱకు తగ్గింపవలెను. ఏటా కొనసాగుచున్న మొక్కకు ఇది చాలును. మోకాలి క్రిందికి తఱుగుట మన యెండ దేశమున మంచిది కాదు, వేరులో అంత నిలువ యుండదు. కోత వెలుపలి వైపు చూచు కన్నుకు పావు అంగుళము పైన, ఏటవాలుగా నుండవలెను. వాలు కన్నుకు ఎదుటి దిక్కునకు పోవలెను, నీరు కన్నుపై నిలువరాదు. కత్తెర పదునుగా నుండవలెను. ఉక్కు కాచు వూరిలో నుండి మొద్దు కత్తెరతో కొమ్మను నలుపుట మనకు మర్యాద కాదు. కోసిన చోటినుండి కొమ్మ నల్లబడుచు క్రిందికి ఎండిపోవు తెగులు మన దేశమున గులాబికి ప్రధాన శత్రువు. దానికి కాపరు కార్బొనేటు నాలుగు పాళ్లు, సిందూరము నాలుగు పాళ్లు, అవిసె నూనె అయిదు పాళ్లు కలిపి కోతలకు పూయుట పాత పద్ధతి. సిందూరము సీసపు విషము. పిల్లలున్న యింట దానికి బదులు బోర్డో ముద్ద పూయుట మేలు. తరువాత పాదు గుల్లచేసి, బాగుగా చివికిన పశువుల ఎరువు, పిడికెడు ఎముకల పొడి వేసి నీరు పెట్టవలెను. చిగురు కనబడిన పిమ్మట ఆవచెక్క నానబెట్టి పులిసిన నీటిని పలుచగా కలిపి పోయుట బెంగాలీల వలన ఈ వూరంతయు నేర్చిన విద్య. వాసనకు పొరుగువారి క్షమాపణ ముందుగ కోరుట మంచిది.

మొక్కలు కొనుట వేఱొక శాస్త్రము. ఇచటికి మొక్కలు ముఖ్యముగా రెండు దారుల వచ్చును. ఒకటి ఖడ్గపూరు రైలు మార్గమునుండి. పశ్చిమ మిదనాపురము జిల్లా జక్‌పూరు పరిసరముల అంటుమొక్కలు. రెండవది మనవారి సామానుతో. సెలవులకు పోయి తిరిగి వచ్చునప్పుడు రాజమహేంద్రవరము దగ్గఱి కడియము నర్సరీలనుండి బుట్టలో తెచ్చునవి. పువ్వును చూచి కొనుట పిల్లను నగలు చూచి కుదుర్చుకొనుట వంటిది. చూడవలసినది అంటు. కణుపు ముడి గట్టిగా అతికినదా, ముడికి పైన పెన్సిలు లావు కొమ్మలు రెండైనను ఉన్నవా, కొమ్మ ఆకుపచ్చగా నిగనిగలాడుచున్నదా యని చూడవలెను. మొక్కకు చుట్టిన జిగట మట్టి గడ్డను ఉన్నదున్నట్లు గోతిలో పెట్టరాదు. ఎండిన పిదప అది రాయియై వేళ్లను బంధించును. తొట్టిలో కొంత సేపు నానబెట్టి, అంచులు మెత్తబడిన తరువాత నెమ్మదిగా విడదీసి నాటవలెను. మన యెఱ్ఱ గరప నేలలో అడుగున్నర లోతు గొయ్యి తీసి, సగము మట్టి మార్చుట తప్పదు. అంటు ముడి నేలకు కొంచెము పైన నుండవలెను.

ఈ ముడి దగ్గఱనే మన కథలోని కీలకము కలదు. మనము కొను గులాబి ఒక మొక్క కాదు, రెండు. పైన పూచునది ఒకటి. క్రింద వేరై మోయునది వేఱొకటి. ఉత్తరాదిని ఆ వేరు తఱచుగా ఎడ్వర్డు గులాబి. హిందూమహాసముద్రములోని బూర్బన్ ద్వీపమున, చీనా గులాబికిని ఐరోపా గులాబికిని కంచె మధ్య పుట్టిన బిడ్డ. మన దక్షిణాదిని దండలకు వాడు సువాసన నాటు గులాబియు ఆ వంశమునకు చెందినదే. తూర్పున, అనగా ఇచట, ముళ్లు లేని మల్టిఫ్లోరా వేరు. ముడికి క్రిందినుండి ఈ వేరు మొక్క పిలకలు వేయుచునే యుండును. వాటిని పైపైన కోసిన మరల వచ్చును. మట్టి తొలగించి, పుట్టిన చోటనే లాగి తీయవలెను. ఏడాకులున్నచో అడవి పిలక యను వాడుక పూర్తిగా నమ్మదగినది కాదు. మంచి గులాబులకును ఒక్కొక్కప్పుడు ఏడాకులు వచ్చును. ముడికి పైనా, క్రిందా యనునదే నిశ్చయమైన గుర్తు.

పిలకలు తీయువారు లేనిచో ఏమగును? రెండు మూడు వర్షములలో వేరు మొక్క పైదానిని మ్రింగును. ఖాళీ చేసిన క్వార్టర్ల ముందు ఈ దృశ్యము ఎవరైనను చూడవచ్చును. కంచెపై వ్రాలిన పొడవైన నునుపు తీగలు, చిన్న ఆకులు. పూచినప్పుడు గుత్తులుగా చిన్న తెల్లపూలు. దారిన పోవువారు అడవి మొక్క యని పోవుదురు. ఆ తీగల మొదట వంగి చూచినచో ఎండిన ముడి యొకటి కనబడును. అచట ఒకనాడు ఒకడు పేరు గల గులాబిని నాటెను. పదవీ విరమణతో క్వార్టరు విడువవలసి వచ్చినది. తరువాతి వానికి కత్తెర లేదు, లేదా తోటపై ఆసక్తి లేదు. ముడి ఎండుటనుబట్టి ఆ యింట గులాబి నెఱిగినవాడు ఎన్నేండ్ల క్రిందట వెడలినాడో తెలిసినవాడు చెప్పగలడు. శాసనములవలె ఇవియు చదువదగినవే.

కంపెనీ యిల్లైనను, ప్రభుత్వపు యిల్లైనను, మనము నాటునది పరుల నేల. మామిడి నాటినవాడు దానిని విడిచి పోవుటకు బాధపడనక్కరలేదు. చెట్టు తనంతట తాను బ్రతుకును. గులాబి అట్లు కాదు. అది ఏటేట ఒక మనిషి చేతిని కోరును. ఈనాడు పాత క్వార్టర్లు కొన్ని పడగొట్టి అంతస్తుల ఇండ్లు కట్టుచున్నారు. ముంగిలి బదులు బాల్కనీ దక్కినది. బాల్కనీలో పన్నెండంగుళముల కుండీయందు గులాబి పూయును. దినమునకు నాలుగయిదు గంటల యెండ యున్నచో నిరభ్యంతరముగా పూయును. అయితే పాత ముంగిళ్లలోని రకములు అక్కడికి నడచి రావు. 1960 ప్రాంతమున ప్రీతితో తెచ్చిన పీస్, క్వీన్ ఎలిజబెత్, సూపర్ స్టార్ వంటివి పేరు చెక్క ఊడిపోయి, "ఆ పసుపుది", "ఆ కాషాయరంగుది" అని పిలువబడుచు, చివరకు నేలమట్టమగుచున్నవి.

వీటిని కాపాడుటకు పార్కులును ప్రభుత్వమును అక్కరలేదు. వానలు తగ్గిన పిమ్మట మల్టిఫ్లోరా కడ్డీలు నాలుగు కుండీలలో గ్రుచ్చినచో, జనవరి నాటికి పెన్సిలు లావగును. అప్పుడు పాత మొక్కనుండి, పువ్వు రాలిన కొమ్మపై ఉబ్బిన కన్నును డాలు ఆకారమున తీసి, వేరు మొక్క బెరడులో "టి" అక్షరమువలె కోసి లోపల దోపి, కన్ను మాత్రము వెలుపల నుండునట్లు గట్టిగా చుట్టవలెను. మూడు వారములకు అతికినదో లేదో తెలియును. కన్నుకఱ్ఱలను తడి గుడ్డలో చుట్టి చల్లగా నుంచినచో రెండు మూడు దినములు చెడవు. అనగా టాటానగర్ నుండి విశాఖపట్టణము వఱకేమి, హైదరాబాదు వఱకైనను రైలులో నిర్భయముగా పోవును. బదిలీ ఉత్తరువులు సాధారణముగా వేసవిలో వచ్చును. అంటు శీతకాలమున కట్టవలెను. ఉత్తరువు చూచిన పిమ్మట కత్తి వెదకినచో ప్రయోజనము లేదు. కుండీకి ఒక రేకుముక్క కట్టి, దానిపై గులాబి పేరు, తెచ్చిన వూరు, అంటుకట్టిన సంవత్సరము వ్రాసి, ఒకటి తమతో తీసికొనిపోయి, రెండవది పక్క క్వార్టరువారి కీయవచ్చును.